ఖాళీ బండి బరువు

దొండపర్తిలో జిరాక్సు షాపు మీద గది.
ఆదివారం మూడున్నరకి ఆరుగురం.
ఏడో కుర్చీకి ఒక కాలు పొట్టి,
దానికింద మడిచి పెట్టిన పాత టెలిఫోన్ డైరెక్టరీలో
ఎవరెవరి పేర్లో నలుగుతూ ఉంటాయి.
ఫీజు లేదు. టీకి తలా పది.

హైమవతి మేడం పెట్టిన షరతు ఒకటే:
ఎవరి కాగితం మీద మాట్లాడుతున్నామో
వాళ్లు నోరు మెదపకూడదు.
"రేపు మీ కవిత వెనకాలే
ఇంటింటికీ నడిచి అర్థం చెప్పుకుంటారా?"

నేవీ హెలికాప్టర్ పైనుంచి పోతే
చదివేవాళ్లు ఆగాల్సిందే.
చాలాసార్లు
పాదం విరగాల్సిన చోటు అదే.

మొదటిసారి నేను సముద్రం తెచ్చాను.
నీలి కెరటాలు, వెండి నురగ, అనంతం.
అనంతం రెండుసార్లు పడింది.
నూకరత్నం జీడి నములుతూ విని
"ఇదే సముద్రం బావూ?
మన జాలారిపేటది కాదు.
ఇందల కంపు లేదు" అంది.
పందొమ్మిదేళ్లుగా పోర్టు బొగ్గుమసి
చొక్కా కాలరు మీద ఇంటికి మోసుకుపోయేవాణ్ణి,
నాకెక్కడ దొరికిందో ఆ నీలం!

నూకరత్నానికి రాయడం రాదు.
ఆమె చెబుతుంది, డిగ్రీ చదివే లోహిత రాస్తుంది.
ఆ రోజు తెచ్చింది ఒక్క మాట:
"ఐసు కరిగేకొద్దీ
బేరం నా చేతిలోంచి జారి
కొనేవోడి చేతిలోకి పోతాది."
అంతే.
ముప్పయ్యేళ్లు ఐసు ఫ్యాక్టరీలో దిమ్మలు కొట్టిన దాలినాయుడు
కళ్లద్దాలు తీసి తుడవడం మొదలెట్టి
ఎంతకీ ఆపలేదు.

"నీకు తెలిసిందేదో తే" అంది మేడం నాతో.
నాకు తెలిసింది కాటా.
కన్వెంట్ జంక్షన్ దాటాక లారీల వేబ్రిడ్జి, రాత్రి డ్యూటీ.
నిండు బండి ఎక్కుతుంది, అంకె రాస్తాను.
ఖాళీ బండి ఎక్కుతుంది, అంకె రాస్తాను.
తీసేస్తే మిగిలేదే సరుకు.
అదే తెచ్చాను, బిల్లు రాసినట్టు.

సగం బోరు కొట్టిందంది లోహిత.
'నిశీధి' అన్న మాట చుట్టూ సున్నా చుట్టాడు దాలినాయుడు,
పక్కన ఏమీ రాయలేదు.
కేజీహెచ్‌లో నర్సు సఫియా మాత్రం
కాగితం మీంచి తలెత్తకుండానే అడిగింది:
"మరి డ్రైవరు బరువు ఎందులో కలుస్తుంది?"

నోరు మెదపకూడదు.
మెదపొచ్చన్నా నా దగ్గరేముంది?

బుధవారం, రాత్రి రెండు దాటింది.
కొరాపుట్ వైపు బండి, సరుకు దించేసి వచ్చింది.
డ్రైవరు జగబంధు.
"ఒక్కసారి కిందికి దిగు" అన్నాను.
భయపడ్డాడు. కాగితాలన్నీ బయటికి తీశాడు.
"అవి వద్దు. ఊరికే దిగు."

మా కాటా ఇరవై కిలోల చొప్పునే కదుల్తుంది.
ఎర్ర అంకె ఒకసారి వణికి
అరవై తగ్గింది.
కిటికీలోంచి వంగి చూశాడు.
"అంతేనా నేను?" అని నవ్వి
బీడీ వెలిగించుకున్నాడు.

ఈ ఆదివారం అది చదివాను.
బీడీ కింద ఇంకో ఆరు పాదాలుండేవి:
మనిషి, తూకం, లోకం, న్యాయం.
కాసేపు ఎవరూ మాట్లాడలేదు.
హెలికాప్టర్ కూడా లేదు.
నూకరత్నం లోహిత చేతిలో పెన్సిలు లాక్కుని
(ఆమె పెన్సిలు పట్టగా చూడటం అదే మొదలు)
బీడీ ఎక్కడుందో వేలుపెట్టి చూపించమంది.
దాని కిందిదంతా
చేపకి పొలుసు తీసినట్టు
తోక నుంచి పైకి
గీకేసింది.