మెడ మీద కుట్టు

బ్రాడ్‌ఫర్డ్‌లో ఒకప్పటి ఉన్ని మిల్లు,
ఇప్పుడు మ్యూజియం గోదాం.
నేల కింది గదికి కిటికీ లేదు.
తేమ కొలిచే పెట్టె రోజంతా యాభై అనే అంటుంది.

బల్ల మీద గుడ్డ. పక్కన చీటీ:
పరదా. నూలు. కోరమాండల్ తీరం.
పక్షి మెడ దగ్గర తర్వాతెవరో వేసిన కుట్టు,
తీసెయ్యాలి.

చీటీ చదవకముందే ఎరుపు గుర్తుపట్టాను.
చిరివేరు ఎరుపు.
మూడొందల ఏళ్ళకి కరక్కాయ వాసన మిగలదని
పుస్తకాల్లో చదువుకున్నదాన్నే,
అయినా వంగి వాసన చూశాను.
దూదేకుల ఇంటి పిల్లని, పెడన పక్కన పుట్టినదాన్ని,
ముక్కు మాట వినదు.

రాళ్ళగుట్ట మీంచి లేచిన చెట్టు.
ఒకే కొమ్మకి దానిమ్మ, తామర,
ఇంకేదో పేరు లేని పువ్వు.
ఓడలో కొనుక్కుపోయేవాళ్ళు ప్రాణమున్నవి వద్దని ఉంటారు.
చెట్టుకి ప్రాణం ఉందా లేదా అని
బేరంలో ఎవరూ తగువు పడినట్టు లేదు.
అయినా ఎడమ మూల, ఆకుల చాటున,
కలం పట్టినవాడు ఒక పిట్టని వదిలాడు.
చెయ్యి ఊరుకోలేదు కాబోలు.

పిట్ట మెడకి అడ్డంగా నల్లపట్టు దారం,
ఏడు పోగులు.

"ఎంత కసి!" అంది గ్వెన్, భూతద్దం నాకిస్తూ.
కసి కాదు గ్వెన్.
కసి ఉన్నవాళ్ళకి కత్తెర దొరక్కపోదు.
ఇది బొంతలు కుట్టిన చెయ్యి.
తల వేరు, మొండెం వేరు, ఇక ఇది పిట్ట కాదు అని
పైవాడికి మర్యాదగా విన్నవించుకున్న చెయ్యి.

మా నానమ్మ ఖాదర్‌బీ
నమాజుకి నిలబడే ముందు
పాలపొడి క్యాలెండర్‌లో బోసినవ్వుల పాపాయిని
గోడవైపు తిప్పేది.
సలాం చెప్పి లేచాక మళ్ళీ మా వైపు తిప్పి,
"అలిగిందేమో చూడవే" అనేది.
పీర్ల చావిట్లో వెండి అరచేతికి మాత్రం
మల్లెదండ తనే కట్టేది.
అదెలా అంటే, చెయ్యి ఊపిరి పీలుస్తుందా ఏమన్నా, అనేది.
జమాతుకి వెళ్ళొచ్చిన ఇమామ్‌వలి చిన్నాన్న
ఆ చెయ్యీ తప్పేనన్నాడు.
వారం రోజులు అతని కంచంలో చారు పడలేదు.

ఇక్కడ కాపలా ఉండే బెహ్రూజ్‌ది షిరాజ్.
ఫోన్ తెర మీద హజ్రత్ అలీ,
పచ్చ తలపాగా, దిగులు కళ్ళు.
రిజిస్టరు రాసే ఫర్జానా అది చూస్తే తల తిప్పుకుంటుంది.
బొమ్మ గీసినవాణ్ణి ఆఖరి రోజున నిలబెట్టి
ఊపిరి పొయ్యమంటారని వాళ్ళమ్మ చెప్పిందట,
వాడు ఊదుతూనే ఉంటాడట.
నాలుగింటికి ఇద్దరూ
ఒకే డబ్బాలో బిస్కెట్లు తింటారు.
ఏలకులవి ముందు అయిపోతాయి.

చిన్న కత్తెర తీశాను.
మొదటి పోగు కింద మొన దూర్చి, ఆగి,
గుడ్డ వెనక్కి తిప్పాను.

బెల్లంలో తుప్పు మేకులు నానేసి తీసిన కసీం నలుపు
ఏళ్ళ తరబడి నూలుని తినేస్తుంది.
ఆ నలుపుతో గీసిన మెడ
ఎప్పుడో పోయింది.
అక్కడ గుడ్డే లేదు.
తలనీ ఒంటినీ పట్టుకుని ఉన్నవి
ఆ ఏడు పోగులే.

గ్వెన్‌ని పిలవలేదు. చాలాసేపు పిలవలేదు.

కుట్టు: ఉంచాలి.
కారణం అన్న గడిలో "గుడ్డ బలహీనం" అని రాశాను.
ఆ గడిలో అంతకంటే పట్టదు.

మెత్తటి కాగితం కప్పి సొరుగులో పెట్టేసరికి
అసర్ వేళ దాటిపోతోంది.
అక్కడే కోటు పరిచి నిలబడ్డాను.
సొరుగు నా వీపు వెనక.
చేతులెత్తబోయి,
సరిగ్గా మూశానో లేదోనని
ఒక్కసారి వెనక్కి చూశాను.