తరుగు

ఎనుమాముల మార్కెట్ బయట
లారీ కాంట మీద నాది రాత్రి డ్యూటీ.
హన్మకొండల లెక్కల డిగ్రీ చేసి
ఇప్పుడు బస్తాలు తూస్తున్న.

మిషను సెకండ్ హ్యాండుది.
చీటీ నంబరు ఎక్కడ మొదలైందో మా సేటుకే తెల్వదు.
మాఘమాసంల ఒక రాత్రి, రేగొండ రాజమొగిలి
మిరపకాయ ట్రాక్టరుకు చీటీ చింపుతుంటే
కండ్లు దాని మీదనే ఆగినయి.

ఏడు కోట్ల ముప్పై తొమ్మిది లక్షల
ముప్పై తొమ్మిది వేల నూట ముప్పై మూడు.

నోట్లె ఏసుకొని నమిలిన.
అంకెలు కూడితే ముప్పై ఎనిమిది, మూడు దిగదు.
ఏడుతోని కొడితే రెండు మిగిలింది.
పదకొండుతోని నాలుగు.
పదమూడుతోని ఎనిమిది.

ఖరాబైన చీటీల వెనక రాసుడు వెట్టిన.
ఎనిమిది వేల ఆరు వందల లోపు
ప్రధాన సంఖ్యలు వెయ్యికి పైనే ఉన్నయి,
అన్నిటితోని భాగించి చూడాలె.
లారీకి లారీకి నడుమ రెండో మూడో.
ఘాటుకు తుమ్ములు, ముక్కుల మంట,
శేషం మాత్రం ఒక్కసారి సున్న కాలే.
ఉగాది దాటినంక తేలింది
దీన్ని పంచుకునేటోడు లేడని.

రాజమొగిలి మళ్ల వచ్చిండు, పైసలింకా రాలేదని.
జేబుల చెమటకు నాని
చీటీ కుడి అంచు రాలింది.
చివరి మూడు పోయింది.
ఊకుండలేక మిగిలినదాన్ని భాగించిన.
అదీ ప్రధానమే.
ఇంకోటి చెరిపిన. అదీ.

73939133
7393913
739391
73939
7393
739
73
7

తేమ అని రెండు కిలోలు, మట్టి అని ఒకటి,
సంచి బరువు, హమాలీ, దళారి.
ఈ గేటు దాటిన దేనికైనా తరుగు తీస్తరు.
గింత తీసినా విరగనిది
నేను గిదొక్కటే చూసిన.

రాజమొగిలికి చెప్పిన. చీటీని దీపం కింద తిప్పి తిప్పి చూసిండు.
"మరి ఎక్కువేస్తే?" అన్నడు.

అటు దిక్కు నేను ఆలోచనే చెయ్యలే.

చివర ఒకటి పెడితే మూడు మింగింది.
ఏడు పెట్టినా అంతే.
సరి అంకెల సంగతి, అయిదు సంగతి అడుగనే వద్దు.
మూడు పెట్టి, తొమ్మిది పెట్టి
వానలు పడేదాక కూసున్న.
రెండూ విరిగినయి, ఎక్కడో లోపల.
కోతకు ఏడుసార్లు నిలబడ్డది
ఒక్క అంకె కలిపితే నిలబడలే.
దీని జాతిల దీనికంటె పెద్దది లేదు.

గా ముచ్చట చెబుదామంటే
రాజమొగిలి మళ్ల రాలే.
పైసలు అందినయేమో. అందలేదేమో.

ఆ రాత్రి ఆయన వెనక లైన్ల ఉన్న లారీది
చివర నూట ముప్పై నాలుగు.
సరిసంఖ్య, చూసుడుతోనే రెండుగ విరిగింది.
దాని డ్రైవరు పేరు కూడ నేను అడగలే.