నిద్ర లేచాక అడగాలి

డ్రైవర్లు రాస్తానంటే
రాజోలు బస్టాండులో అందరూ ఏ రూటని అడుగుతారు.
రూటేనండీ అంటాను, శబ్దం వెళ్ళే రూటు.
పిన్ను గుచ్చితే చెవుల్లోకి,
పీకితే గదిలోకి.
సాకెట్టు గొంతులో గోరంత రేకు ఒకటుంటుంది.
పిన్ను తోసుకొచ్చినప్పుడు పక్కకి ఒరిగి
చిప్పుకి కబురు పెడుతుంది.
ఆ కబురు అందుకోవడమే నా కూలి.

మొదట్లో ఆ రేకుకి నిలకడుండదు.
ఉంది, లేదు, ఉంది, లేదు, ఉంది,
పేకాటలో పోగొట్టుకున్నవాడు
ఇంట్లో లెక్క చెప్పినట్టు చెబుతుంది.
ఇక్కడి ఉప్పుగాలికి చిలుము పట్టిందంటే
ఇంకా ఎక్కువ తడబడుతుంది.
అందుకని వెంటనే నమ్మను.
కాసేపాగి మళ్ళీ అడుగుతాను.

మా నాన్న లాకుల దగ్గర లస్కరు.
పడవవాడు కేకేశాడని తలుపు తీసేవాడు కాదు.
లోపలి నీళ్ళూ బయటి నీళ్ళూ
ఒక్క మట్టానికొచ్చి ఊరుకునేదాకా
చక్రం మీద చెయ్యేసి నిలబడేవాడు.
ఆ ఆగడానికి మా పనిలో వేరే పేరుంది.
నేను మాత్రం కోడులో, ఎవరూ చదవని చోట,
నాన్న పేరు రాసుకున్నాను.

ఇంత జాగ్రత్తా పడి
అంతర్వేది దగ్గర ఒక బడిలో దొరికిపోయాను.

నర్సు కరుణమ్మ పిల్లల చెవులు పరీక్షించడానికి
లాప్‌టాప్ పట్టుకుని వెళ్ళింది.
పక్క తరగతికి అడ్డమని స్పీకరు సున్నాకి దించింది.
కరెంటు పోయింది. మూత వేసింది.
మూత కింద అది నిద్రపోతుండగా
హెడ్‌ఫోను పిన్ను గుచ్చి పెట్టుకుంది.
కరెంటొచ్చాక మూత తీస్తే
నా డ్రైవరు కళ్ళు నులుముకుని
పడుకోబోయే ముందు చూసిందే చెప్పింది:
పిన్ను లేదు.
శబ్దమంతా స్పీకరు దారి పట్టి
సున్నాలో పడింది.

కూత వినపడగానే చెయ్యెత్తండి, అంది కరుణమ్మ.
పదమూడు మంది ఎత్తారు.
మేస్టారి కనుబొమలు చూసి కొందరు,
ఆవిడ వేలు మీట మీద పడ్డం చూసి కొందరు,
ముందువాడు ఎత్తాడుగా అని మిగతావాళ్ళు.

పద్నాలుగోవాడు ఓలేటి నరసింగు.
వాళ్ళ నాన్న రొయ్యల చెరువు కాపలా.
రాత్రిపూట ఏరియేటరు చప్పుడు రవ్వంత మారితే
ముందు లేచేది వీడే.
వాడు ఒళ్ళోంచి చెయ్యి తియ్యలేదు.
ఏమీ రాలేదండి, అన్నాడు.
మళ్ళీ నొక్కింది.
ఏమీ రాలేదండి.

కాగితం మీద ఎర్రసిరాతో
వినికిడి లోపం, అమలాపురం పంపాలి.

వాడు హెడ్‌ఫోను తీసి లేచి వెళ్తుంటే
వెనకనుంచి కరుణమ్మ తనలో తనే గొణుక్కుందట,
ఇంటిపేరు ఒలేటా, ఓలేటా అని.
గుమ్మం దగ్గర్నుంచి వాడు:
ఓ పొడుగ్గా రాయాలండి.

ఆవిడ కలం ఆగింది.
హెడ్‌ఫోను తన చెవులకి పెట్టుకుంది.
ఏమీ రాలేదు.

ఆ రాత్రి ఫోనులో నన్ను తిట్టలేదు.
పదమూడు మంది అబద్ధం ఆడారే, అంది.
పద్నాలుగు, అన్నాను, నాదొకటి.

తెల్లారేలోపు నాలుగు లైన్లు రాశాను.
నిద్రలో జరిగింది ఎవరూ వచ్చి చెప్పరు,
లేచిన వెంటనే రేకుని అడుగు,
ఆగు,
ఇంకోసారి అడుగు.

మళ్ళీ వారం అదే బడి, అవే బల్లలు.
నాలుగు లైన్లు ఎక్కించి ఇచ్చాను.
కరుణమ్మ మూత తీసి
ప్రతి పిల్లాడికీ ముందు
తన చెవులకే పెట్టుకుని చూస్తోంది.
నీ మీద నమ్మకం లేక కాదమ్మా, అంది.
లేకపోయినా ఫర్వాలేదన్నాను.

నరసింగు వంతు వచ్చింది.
ఆవిడ మీట నొక్కకముందే
వాడు కిటికీ వైపు చెయ్యి చూపించాడు.
రేవులో పంటు ఇంజను పట్టిందండి, అన్నాడు.
మేమంతా చెవులు రిక్కించాం.
చాలాసేపటికి గాని
మాకు వినపడలేదు.