ఇనప గుగ్గిళ్ళు

సల్మాబాద్‌ల మా డక్టుల షెడ్డు పక్కన
బహ్రేన్ పోరగాండ్లు నలుగురు, నల్ల బనీన్లు,
నెత్తులు గిరగిర తిప్పుకుంట అరుస్తుంటె
గోడ మీదికెళ్ళి చూసి ఓదెలన్న
"ఎవలకన్న దిష్టి తియ్యొస్తె రాండ్రి" అన్నడు.
హెవీ మెటల్ అంటరే దీన్ని, అన్న నేను.
"హెవీ మెటలా!
పద్దెనిమిది గేజి షీట్లు ఇరవై ఏండ్లసంది మోస్తున్న,
నన్నడగమను."

గట్ల పుట్టింది బ్యాండు.
పేరు ఆయన పెట్టిందే:
నమిల్తె పన్నూడాలె, మింగితె అరగొద్దు.

నేను స్టోర్ కీపర్ని.
పుస్తకంల ఎక్కియ్యకుండ నాలుగు మాపు తలలిచ్చిన,
నల్లరంగుల ముంచి పెట్టుకుంటె జులపాలు.
మస్తాన్‌వలిది రాయచోటి, డ్రమ్ములు ఆయనవి:
జిగురు డబ్బాలు రెండు, తెగిన డక్టు మూలలు, ఒక రెంచీ.
సత్తిపండు కేబుల్ ట్రేకు బ్రేకు వైర్లు బిగించి
"గిటారండి ఇది" అంటాడు, అమలాపురం మర్యాదతో.
నేను వెనకనుంచి హోయ్ అనేటోణ్ణి.
కండ్ల చుట్టు మార్కరు పెన్ను గీతలు.
కడిగితె పోలే.
శనివారం సైటుల సేఫ్టీ ఆఫీసరు
నలుగుర్ని వరసబెట్టి చూసి
నిద్రలేక గిట్లయిండ్రని చిట్టీ రాసిండు: సగం పూట రెస్టు.
బ్యాండుకు మొదటి సంపాదన అదే.

పాటలన్ని ఎక్కిరింపే.
వాళ్ళు దయ్యాల మీద పాడితె మేం పప్పు మీద.
పప్పా, నీలో పప్పెక్కడ!
పదిహేడో నెంబరు నాది, తలుపు తియ్యరా బాత్రూమోడా!
ఓదెలన్న గొంతు
బోరుబావిల జారిన బకెట్టు.
పద్నాలుగో రూముల మొదటి షో. పదకొండు మంది.
అండ్ల ఇద్దరు నైట్ డ్యూటీ చేసి పన్నోళ్ళు, లేచి తిట్టిండ్రు.
తర్వాత సిత్రా, హిద్, అస్కర్ క్యాంపులు,
వ్యాను కిరాయి, తలా ఒక బిర్యాని పొట్లం.
ఒక సంఘం ఫంక్షన్ల మెజీషియన్ పావురం తప్పిపోతె
దొరికేదాక మమ్మల్ని నిలబెట్టిండ్రు.
దొరికినంక సుత మేం దిగలే.

కొట్లాట అయ్యింది, పెద్ద బ్యాండుల లెక్కనే.
"శృతి ఉండాలండి" అని సత్తిపండు.
"నవ్వేటోడు శృతి చూస్తడా" అని ఈయన.
నెల రోజులు
ఇనప గుగ్గిళ్ళు ఒకటి, అసలు ఇనప గుగ్గిళ్ళు ఒకటి,
పై మంచం ఒక బ్యాండు, కింది మంచం ఒక బ్యాండు,
జులపాలు మాత్రం వంతులవారీ.

కలిపింది కంపెనీ.
నాలుగు నెలలు ఓటీ పైసలాపింది.

ఓదెలన్న కొత్త పాట ఎత్తుకుండు. పాటేం లేదు.
పేరు, గంటలు. పేరు, గంటలు.
కట్ట పోశెట్టీ, నూట పన్నెండూ...
షేక్ మస్తాన్‌వలీ, తొంభై ఆరూ...
అదే బోరుబావి, అదే మాపు జుట్టు.
మొదలు అందరు నవ్విండ్రు.
ఎవని పేరు వచ్చిన కాడ వాడు ఆగిండు.

ఆ రాత్రి పక్క షెడ్డు పోరగాండ్లు వచ్చి
వెనక నిలబడ్డరు. తెలుగు రాదు. నవ్వలే.
నెత్తులు ఊపిండ్రు, ఈసారి మెల్లగ.
అయిపోయినంక జాఫర్ అనేటోడు
రొమ్ము మీద చెయ్యివెట్టి, వచ్చీరాని హిందీల
"ఇది అసలుది" అన్నడు.
"ఆఖరి పాట దేని మీద?"
ఓదెలన్న జుట్టు తీసి చంకల పెట్టుకొని
"పప్పు మీద" అన్నడు.

పైసలు సగం వచ్చినయ్.
ఓదెలన్నకు క్యాన్సిలు పూర్తిగ వచ్చింది.
ఎయిర్‌పోర్టుల తూకం ఎక్కువైతె
మస్తాన్ గుర్తుగ ఇచ్చిన రెంచీ తీయించిండ్రు.
"హెవీ మెటల్ గదా" అన్నడు నాకిచ్చుకుంట.
గొంతు అప్పటికే పోయింది, పెదవులు చూసి తెలుసుకున్న.

మాపు తలలు మళ్ళ కర్రలకు కట్టిన.
ఏడు నీళ్ళు మార్చి పిండిన.
ఇప్పటికీ వరండా తుడిస్తె
పద్నాలుగో రూం దాక
నల్లటి చార.