నారింజ రంగు పట్టీ

శామీర్‌పేట దాటాక ఎడమవైపు
ప్లాస్టిక్ కొబ్బరిచెట్లు మొదలవుతాయి.
బోర్డు మీద చిలుక, చిలుక కింద
"కరీబియన్ బే, అన్నీ కలిపి" అని పసుపు అక్షరాలు.
మా ఆయన నడిపే స్కూలు వ్యాను ఆదివారం ఖాళీ.
డీజిలు మాది. సగం ధర కూపన్లు మా ల్యాబు మేడమ్ ఇచ్చినవి,
గడువు ఆ రోజుతో ఆఖరు.

గేటు దగ్గర గోడ మీద జిరాఫీ బొమ్మ.
దాని మోకాలికన్నా పొట్టివాళ్ళకి టికెట్టు లేదు.
"జర వంగి నిలబడు బిడ్డా" అని
అల్వాల్ నుంచీ నేర్పిస్తూనే వచ్చాడు మా ఆయన.
మా హవీష్ గాడు మునివేళ్ళ మీద లేచి
"నాకు ఆరేండ్లు, పోయిన నెలనే నిండినయ్" అన్నాడు.
కౌంటరు పిల్ల నవ్వింది.
నాలుగు వందల యాభై కట్టాం,
పొడుగైనందుకు వాడి మొదటి పన్ను.

మణికట్టుకి నారింజ రంగు కాగితం పట్టీ చుట్టి
"ఇది ఉన్నంతసేపు ఏదడిగినా ఇస్తరు" అందామె.
నాకు తెలిసిన పట్టీలు వేరే,
పేరూ వయసూ పడక నంబరూ రాసి ఉండేవి.
వాటి పక్కనే నరం వెతుకుతాను రోజూ.
దీని మీద పేరు లేదు.
ఎవరైనా కావచ్చు ఈ పూట.

తన్మయి ఆ "ఏదడిగినా"ని పట్టుకుని వదల్లేదు.
పుదీనా షర్బత్తు అడిగింది, ఇచ్చారు.
ఇంకోటి అడిగింది, ఇచ్చారు.
మూడోది, ఇస్తారో లేదో చూద్దామని అడిగి,
ఇచ్చాక కాస్త భయపడి
నా చేతిలో పెట్టింది.

గడ్డి గొడుగుల కింద, పూల చొక్కాల్లో
మెదక్ కుర్రాళ్ళు నలుగురు
ఏ దీవిదో తెలియని ఇనుప డప్పు వాయిస్తూ వాయిస్తూ
మరిచిపోయి
బోనాల దరువులోకి జారారు.
ఆ కాసేపే అందరం లేచి ఆడాం.

భోజనాల దగ్గర మా ఆయన లెక్క.
"రొట్టె తినకు, కడుపు నింపుతది.
చేప తిను, చేప పిరం."
నేను ప్లేటు పట్టుకుని వెనక్కి చూశాను,
వడ్డించాల్సినవాళ్ళు ఎవరూ లేరు.
ఎడం చేతిని ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

మూడింటికి సైరను.
"అలలు! అలలు!" నాలుగు దిక్కుల నుంచీ పరుగు.
గోడ వెనక మోటారు మూలిగి
నీలం పెంకుల కొలను లేచి నిలబడింది.
సముద్రం ఎరగని ఊరు మాది.
హవీష్ నోట్లో పడ్డ నీళ్ళు చప్పరించి
"ఉప్పు మర్చిపోయిన్రు మమ్మీ" అన్నాడు,
అచ్చం వాళ్ళ నాన్న కూర ముందు అన్నట్టే.
పది నిమిషాలు.
తర్వాత సముద్రాన్ని ఆపేశారు.

తిరుగు దారిలో నా సంచిలో తడి బట్టలు,
వాటి కింద టిష్యూ కాగితంలో
కిందింటి రుఖియా పాపకని రెండు కేకు ముక్కలు.
మా ఆయన చూశాడు.
పొద్దుట్నుంచీ అన్నీ లెక్కపెట్టినవాడు
వాటిని మాత్రం లెక్కపెట్టలేదు.

రాత్రి మూడు పట్టీలు కత్తిరించాను.
నాలుగోది దుప్పటి కింద, పిడికిలి బిగించి.
నాలుగింటికి నల్లా వచ్చింది.
డ్రమ్ములో నీళ్ళు పడే చప్పుడికి
నిద్రలోనే కాళ్ళు ఆడించాడు వాడు.

మంగళవారానికి పట్టీ నలిగి, సిరా అంటి, పప్పు మరక పడి
ఏ రంగో చెప్పలేని రంగయింది.
సాయంత్రం కొట్టు సాయిల్లు మెట్ల దగ్గర ఆపాడు.
"మీవోడు చాక్లెట్టు అడిగిండు మేడం.
పైసలేవంటే చెయ్యి చూపిచ్చిండు.
మళ్ళ అడిగితే మళ్ళ చెయ్యే చూపిచ్చిండు."

"మరి?" అన్నాను, పర్సు వెతుకుతూ.

"ఏం జేస్త, ఇచ్చిన.
పట్టీ ఉంది గద."