ఆదివారం వైపు

వారంలో ఆరు రోజులు కథ బోర్లా పడుకుంటుంది.
పొలుసులంటిన బూట్లు, బొగ్గు బకెట్టు, తడిసిన కుక్క
దాని వీపు మీదుగానే తిరుగుతాయి.
శనివారం రాత్రి పొయ్యి సర్దాక
మా అత్త ట్రైఫీనా మోకాళ్ళ మీద వంగి
తివాచీని తిరగేస్తుంది.
తెల్లారితే పాస్టరు వస్తాడు.
ఆయనైనా సరే, బూట్లు గుమ్మంలో విప్పాల్సిందే.

న్యూఫౌండ్‌లాండ్‌లో ఈ ఒడ్డున
తివాచీ కొనేంత డబ్బు ఎవరి దగ్గరుంది?
బంగాళాదుంపల గోనె విప్పి, ఉతికి,
నాలుగు కర్రల చట్రానికి డప్పులా బిగిస్తుంది.
కింద ఎడమచేతిలో పేలిక, పైన కుడిచేతిలో కొక్కెం.
పొడుచు, తగిలించు, లాగు.
పొడుచు, తగిలించు, లాగు.
వంచిన మేకుకి విరిగిన తెడ్డు పిడి,
పన్నెండేళ్ళప్పుడు వాళ్ళ నాన్న చేసిచ్చింది.

చింపడం నా పని.
"చింపేముందు ఎవరిదో అడుగు" అంటుంది.
అడుగుతాను.
బూడిదరంగుది మామ ఎలీజర్ లోచొక్కా.
పసుపుపచ్చవి రెండు, బొటనవేలంత మేజోళ్ళు,
ఎవరూ తొడుక్కోనివి.
వాటికి జవాబు రాలేదు. కొక్కెం ఒక్క క్షణం ఆగింది, అంతే.

ఈ చలికాలపు కథ, ఇల్లు సముద్రం దాటిన రోజు.
దీవి ఖాళీ చెయ్యమని సర్కారు కాగితం వచ్చింది.
మనుషులు కదిలారు గానీ గోడల్ని వదల్లేదు.
ఇంటికింద ఖాళీ నూనె పీపాలు కట్టి
అయిదు పడవలతో
ఇంటిని ఆవులా తోలుకొచ్చారు.
లోపల ఆమె అత్త కేటిల్ పొయ్యిమీంచి దించలేదట.
అందుకే పొగగొట్టంలోంచి ఒక తెల్లటి పేలిక,
గాలికి పక్కకి వాలి.
వెనక మిగిలిన దీవి మీద మూడు తెల్లని ముడులు.
అవేంటని అడిగాను.
"తేలనివి" అంది.

సముద్రం సగంలో ఉండగా నీలం అయిపోయింది.
ఇంట్లో నీలమంటే ఇక నా కోటే,
పుట్టింటి నుంచి తెచ్చుకున్నది, మేకుకి వేలాడుతోంది.
ఆమె దానివైపు చూడలేదు.
చూడకపోవడం ఎంత గట్టిగా వినబడుతుందో
ఆ వారమంతా నాకు తెలిసింది.
నేను ఇవ్వలేదు.
తన గులాబీరంగు లోపావడా తనే తెచ్చి తనే చింపుకుంది.
నీళ్ళు ఆ మేర గులాబీగా పారాయి.
ఫిబ్రవరిలో పాత తివాచీ కుక్కకి పోయింది,
ఇది నేలకి దిగింది.

మార్చిలో సెయింట్ జాన్స్ నుంచి మ్యూజియం ఆయన వచ్చాడు.
టీ చల్లారిపోయేదాకా వంగి చూశాడు.
"ఈ గులాబీ, పొద్దుగుంకే వెలుతురు కదూ!"
"అంతే" అంది అత్త, మొహంలో ఏమీ లేకుండా.
ఇల్లు దాటింది పొద్దున్న. హెడ్లీ నాకు వందసార్లు చెప్పాడు.
"గోడకి వేలాడదీస్తాం, పైన దీపాలు పెట్టి."
"గోడ మీద ఎవరు నడుస్తారు?"
ఆయన నవ్వాడు. ఆమె నవ్వలేదు.
ఇంటి కప్పు కారుతోంది.
ఇచ్చేసింది.

ఆ శనివారం రాత్రి పొయ్యి సర్ది
అలవాటుగా మోకాళ్ళ మీద వంగింది.
ఉత్త చెక్కలు.
వాటికి రెండో వైపు లేదు.
కాసేపు అలాగే ఉంది, జారిపడ్డ సూది వెతుకుతున్నట్టు.
నేను మేకు మీంచి కోటు తీశాను. కత్తెర కూడా.
లేవకుండానే అడిగింది, "ఎవరిది?"
"నాది."
"అది కాదు. ఎవరిది?"

మా అమ్మ పేరు ఆ ఇంట్లో అప్పుడే మొదటిసారి పలికాను.
ఆమె లేచి, గోడకి చేరేసిన చట్రం ముందుకి లాగింది.
"చెప్పు" అంది.
"గుండీలు పారెయ్యకు,
హెడ్లీ చొక్కాకి రెండు తక్కువ."