పంటి బిగువు

పిరసికాబా ఊరి చుట్టూ చెరకే.
తొమ్మిదేళ్ళ జురేమా మాత్రం
ఈ ఏడు ఒక్క గడ కూడా కొరకలేదు.

కణతల దగ్గర జుట్టు పక్కకు తోసి
నాలుగు బిళ్ళలు అంటించాను.
"చల్లగా ఉంది" అంది, నోరు సగమే తెరిచి.
ఇంకాస్త తెరిస్తే కుడి చెవి ముందు
టక్కు.
ఎండుపుల్ల విరిగినట్టు కాదు,
తలుపు గడియ సగం పడి ఆగినట్టు.

కొరుకు, అన్నాను.
తెర మీద ఎడమ గీత గడ్డిలా లేచింది.
కుడిది సగం దాకా లేచి వణికింది.
వదులు, అన్నాను.
రెండూ వదల్లేదు.
నోట్లో ఏమీ లేకపోయినా
ఏదో నములుతూనే ఉన్న కండరాలు.

రాత్రుళ్ళు పళ్ళు నూరుతుందా అంటే
వాళ్ళమ్మ దల్వా నీళ్ళు నమిలింది.
"కోతల కాలం. మిల్లులో రాత్రి షిఫ్టు నాది.
నాకేం తెలుస్తుంది?"

పిల్ల గోడకేసి చూస్తూ చెప్పింది:
"గేటు చప్పుడయ్యేదాకా పళ్ళు కరుచుకుని ఉంటాను.
లేకపోతే ఏడుపొచ్చేస్తుంది."

నా కాగితంలో గేటుకు గడి లేదు.
నోరు తెరిచింది ముప్పై ఒక్క మిల్లీమీటర్లు,
అని రాశాను.

దల్వా ఏమీ అనలేదు.
బెల్లపు వాసన వేసే అరచెయ్యి
పిల్ల నడినెత్తిన పెట్టింది.

ఎడమ గీత కాస్త దిగింది.
కుడిది దిగలేదు.